సైకిల్ రేసులో తగువు రాకుండా తీర్పు చెప్పడం ఎలా? బెజవాడ, గుంటూరు క్లబ్బుల కోసం

"అన్నా, డిసెంబర్లో మా క్లబ్బు తరఫున రోడ్డు రేసు పెడుతున్నాం. పోయినసారి ఫినిష్ దగ్గర కొట్టుకున్నంత పనైంది. ఈసారి ఏం చెయ్యాలి?"

ఏటా చలి మొదలవగానే ఈ ఫోను నాలుగైదుసార్లు వస్తుంది. ఒకరు బెంజ్ సర్కిల్ నుంచి, ఒకరు బ్రాడీపేట నుంచి, మొన్న తెనాలి నుంచి. ప్రతివాళ్ళకీ అరగంట చెప్పడం, వాళ్ళు సగం రాసుకోవడం, రేసు రోజు ఉదయం ఐదింటికి మళ్ళీ ఫోను. అందుకే అంతా ఒకచోట రాసేస్తున్నా.

ముందుగా ఒక మాట. తగువు బయటపడేది ఫినిష్ దగ్గర, పుట్టేది మాత్రం వారం ముందు. నియమం రాయకపోతే పుడుతుంది, రాసి కాపలా పెట్టకపోతే అంతకంటే ఎక్కువ పుడుతుంది. కాబట్టి చూడటానికి మనిషి లేని నియమాన్ని కాగితం మీద పెట్టకండి. పెట్టినదాన్ని మీ క్లబ్బు కుర్రాడికీ పక్క ఊరి కుర్రాడికీ ఒకేలా వర్తింపజెయ్యండి.

ఇక్కడ చెప్పేది 40 నుంచి 60 కిలోమీటర్ల ఒకరోజు రేసుకు, 50–80 మంది పాల్గొనేదానికి. పెద్ద రేసులకు అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య, అంటే యూసీఐ, నియమాలున్నాయి. వాటిని అమలు చేసేవాళ్ళను కమిసేర్లు అంటారు. మనం వాళ్ళ పద్ధతిలోంచి మనకు సరిపడేంతే తీసుకుంటాం.

కావలసినవి

- ముగ్గురు జ్యూరీ సభ్యులు. ఒక్కరి ఇంటివాళ్ళు గానీ, శిష్యులు గానీ రేసులో ఉండకూడదు.
- ఫినిష్ దగ్గర నలుగురు, యూటర్న్ దగ్గర ఇద్దరు, ప్రతి అడ్డరోడ్డు దగ్గర ఒకరు.
- రెండు మోటారు బైకులు, నడిపేవాడు కాక వెనక కూర్చునేవాడు కూడా.
- ఒక్కొక్కరికి రెండేసి నంబర్లు: ఒకటి వీపు కింది భాగానికి, ఒకటి సైకిల్ సీటు కింది గొట్టానికి. పిన్నీసులు మనిషికి ఆరు చొప్పున, పైన ఇంకో డబ్బా.
- స్లో మోషన్లో సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోను, గట్టి స్టాండు. మామూలు ఫోను ఇంకొకటి.
- తెల్ల టేపు, నల్ల టేపు, పురికొస, నిటారుగా ఉన్న రెండు వెదురు కర్రలు.
- ఈలలు, ఎర్రజెండా, పచ్చజెండా, కూరగాయల సంచి తూచే వేలాడే తూకం.
- అంబులెన్సు. ఇది లేకపోతే రేసు వాయిదా వెయ్యండి, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

1. రూటు, అనుమతి

బెజవాడ వాళ్ళకు అమరావతి సీడ్ యాక్సెస్ రోడ్డు వీలుగా ఉంటుంది. గుంటూరు వాళ్ళు ఎక్కుడు కావాలనుకుంటే కొండవీడు ఘాట్ ఉంది. జాతీయ రహదారి 16 వైపు మాత్రం చూడకండి.

చాలామంది పొరపడేది అనుమతి దగ్గర. ప్రకాశం బ్యారేజీ దాటితే ఎన్టీఆర్ జిల్లా అయిపోయి గుంటూరు జిల్లా మొదలవుతుంది. కొండవీడేమో పల్నాడు జిల్లాలోకి పోయింది. మీరు బెజవాడలో ఉంటారు కదా అని బెజవాడ పోలీసుల దగ్గర కాగితం తెచ్చుకుంటే సరిపోదు. రేసు ఎవరి పరిధిలో సాగుతుందో వాళ్ళ దగ్గర, రాతపూర్వకంగా తెచ్చుకోవాలి.

రూటును వారం ముందు ఒకసారి, ముందురోజు సాయంత్రం ఒకసారి సైకిల్ మీద తిరిగి చూడండి. కారులో చూస్తే గుంతలు తెలియవు. పంట ఇంటికొచ్చే రోజుల్లో పల్లెల దగ్గర సగం రోడ్డు మీద మొక్కజొన్నలు ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేరుస్తారు. రైతును ఆ ఒక్క పూట జరపమని ముందే అడిగితే జరుపుతాడు. రేసు రోజు తెల్లవారుజామున వెళ్ళి కేకలేస్తే జరపడు, అందులో తప్పూ లేదు.

రైలు గేటున్న దారి వద్దే వద్దు. ప్రొఫెషనల్ రేసుల్లోనే గేటు దగ్గర తలనొప్పులు తప్పలేదు. 2006 పారిస్–రూబే రేసులో రెండు, మూడు, నాలుగు స్థానాల్లో వచ్చిన ముగ్గురూ పడిన గేటు దాటారని వాళ్ళ ఫలితాలు కొట్టేశారు. అదే రేసులో 2015లో గేటు పడుతుండగా గుంపులో చాలామంది దూరిపోయారు. కాసేపటికే రైలు వచ్చింది. అందరినీ గుర్తుపట్టడం కుదరలేదని ఎవరినీ తప్పించలేదు. తప్పు ఒకటే, తీర్పులు రెండు. నంబరు కనబడాలని నేను పదేపదే సతాయించేది ఇందుకే.

2. నియమాలన్నీ ఒక్క పేజీలో

పేజీ దాటితే ఎవరూ చదవరు. తెలుగులో రాయండి, వారం ముందు వాట్సాప్‌లో పంపండి, స్టార్టు దగ్గర గట్టిగా చదవండి. ఇవి చాలు:

- హెల్మెట్ లేనిదే స్టార్టు లేదు. ప్రొఫెషనల్ రేసుల్లో ఇది 2003లో ఆండ్రే కివిలేవ్ పారిస్–నీస్ రేసులో పడి చనిపోయాక తప్పనిసరైంది.
- రోడ్డు మధ్యగీత దాటకూడదు.
- ఏ వాహనం వెనకా గాలి చాటు తీసుకోకూడదు, దేన్నీ పట్టుకోకూడదు. తోటి సైకిల్ వెనక నడవడం మాత్రం తప్పు కాదు.
- స్ప్రింటు, అంటే ఫినిష్ ముందు చివరి దౌడు, మొదలయ్యాక మీ దారి వదిలి పక్కవాడికి అడ్డం పోకూడదు.
- సీటు వదిలి పైగొట్టం మీద కూర్చుని పల్లం దిగడం, ముంజేతులు హ్యాండిల్ మీద ఆనించి తొక్కడం నిషేధం. యూసీఐ కూడా 2021 ఏప్రిల్ నుంచి వీటిని ఆపేసింది.
- ఖాళీ సీసాలు మంచినీళ్ళ పాయింటు దగ్గరే పారెయ్యాలి.

ఒక్కోదాని పక్కనే శిక్ష రాయండి. నాలుగు మెట్లు చాలు: హెచ్చరిక, సమయం కలపడం, గుంపులో చివరికి దించడం, రేసు నుంచి తప్పించడం. యూసీఐ వాళ్ళు 2024 ఆగస్టులో పసుపు కార్డులు ప్రయోగంగా తెచ్చి, 2025 జనవరి 1 నుంచి పూర్తిగా అమలు చేశారు. ఒకే రేసులో రెండు పడితే బయటికే. మనకు కార్డులు అక్కర్లేదు గానీ ఆ లెక్క బాగుంది: ఒకే మనిషికి రెండో హెచ్చరిక అంటే ఇంటికి.

తెగిన చైను, పగిలిన ట్యూబు విషయంలో ఎవరి సాయం తీసుకోవచ్చో కూడా రాయండి. 1913 టూర్ ద ఫ్రాన్స్‌లో యూజీన్ క్రిస్టోఫ్ సైకిల్ ఫోర్కు విరిగితే, భుజాన మోసుకుంటూ కొండ దిగి, కమ్మరి కొలిమిలో తన చేత్తోనే అతుకు వేసుకున్నాడు. కొలిమితిత్తి ఊదింది ఒక పిల్లాడు కాబట్టి అది పరాయి సాయమని శిక్ష వేశారు. 2015 జీరో ద ఇటాలియాలో రిచీ పోర్ట్‌కు పంక్చరైతే, వేరే జట్టులో ఉన్న తోటి ఆస్ట్రేలియన్ తన చక్రం తీసిచ్చాడు. చూసినవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. రాత్రికి పోర్ట్‌కు రెండు నిమిషాల శిక్ష పడింది, ఎందుకంటే వేరే జట్టువాడి సాయం నిషేధం. నా మటుకు నేను మన రేసుల్లో ఎవరైనా ఎవరికైనా ట్యూబు ఇవ్వొచ్చు అనే రాయిస్తాను. మీరు వద్దనుకుంటే వద్దనే రాయండి. రాయకుండా వదిలెయ్యడం మాత్రం వద్దు.

3. జ్యూరీ

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. జ్యూరీలో కూర్చున్నాయన మంచివాడే కావచ్చు, కానీ ఆయన బామ్మర్ది రేసులో ఉంటే ఏ తీర్పూ నిలబడదు. పక్క ఊరి క్లబ్బుతో మార్పిడి పెట్టుకోండి: గుంటూరు రేసుకు బెజవాడ వాళ్ళు, బెజవాడ రేసుకు గుంటూరు వాళ్ళు. బిర్యానీ ఖర్చు తప్ప ఇంకేం కాదు.

స్పాన్సరు జ్యూరీలో ఉండకూడదు. ఇది చెప్పడం ఇబ్బందే. "ప్రైజులు మీ చేతులమీదుగానే అండి, తీర్పు మటుకు వాళ్ళకు వదిలేద్దాం" అంటే మర్యాదగా ఉంటుంది.

4. ఉదయం తనిఖీ

వయసు విభాగాలుంటే ఆధార్ చూడండి. మాస్టర్స్ విభాగంలో నలభై నిండనివాళ్ళు నలభై ఐదని చెప్పడం కొత్తేం కాదు.

సైకిల్‌ను తూకానికి వేలాడదీయండి. యూసీఐ కనీస బరువు 6.8 కిలోలు. మన రేసుల్లో తేలిక సైకిల్ సమస్య అరుదు, నేను తూచేది బరువెక్కువ ఉన్నవాటి కోసం. రోడ్డు సైకిల్ పన్నెండు, పదమూడు కిలోలు తూగిందంటే గొట్టంలో ఏముందో అడగాలి. 2016లో బెల్జియంలో జరిగిన సైక్లోక్రాస్ (బురద, గడ్డి దారుల్లో సాగే సైకిల్ రేసు) ప్రపంచ పోటీల్లో ఫెమ్కే వాన్ డెన్ డ్రీష్ సైకిల్లో దాచిన మోటారు దొరికి ఆరేళ్ళ నిషేధం పడింది. వెనక చక్రం ఎత్తి పెడల్ తిప్పి ఆపండి, ఏవైనా బటన్లు, వైర్లు ఉన్నాయేమో చూడండి. మన స్థాయికి అది చాలు. డోపింగ్ సంగతి నాడా, అంటే జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ, చూసుకుంటుంది. అనుమానంతో ఎవరి పేరూ మైకులో ఎత్తకండి.

నంబరు మడిచి పెట్టుకునేవాళ్ళను అక్కడే ఆపండి. గాలికి కొట్టుకుంటుందని అంచులు మడుస్తారు, 18 కాస్తా 1 అవుతుంది.

5. రోడ్డు మీద

తగువుల్లో సగం ఇక్కడివే. వాటిలోనూ ఎక్కువ భాగం బైకులవే.

కుర్రాడు రేసులో ఉంటాడు. స్నేహితుడు యాక్టివా మీద వీడియో తీస్తూ ముందు పోతుంటాడు. మోసం చెయ్యాలని కాదు, రీలు కోసం. కానీ ఆ బండి వెనక ఐదారు మీటర్ల దూరంలో గాలి ఉండదు, అదే స్పీడు సగం శ్రమతో వస్తుంది. వెనకున్న ఇరవై మంది ఊరుకుంటారా? కాబట్టి జ్యూరీ బైకులు, అంబులెన్సు తప్ప ఇంకే బండీ రేసు మధ్యలో ఉండకూడదని స్టార్టు దగ్గర చెప్పండి. స్నేహితుడి బండి కనబడితే ముందు ఆ బండిని ఆపండి. శిక్ష మొదటిసారి హెచ్చరిక, రెండోసారి తప్పించడం. "వాడెవడో నాకు తెలీదు" అంటాడు. తెలియకపోయినా దాని వెనక నుంచి పక్కకు జరగాల్సింది తనే అని ముందే కాగితంలో ఉండాలి.

జ్యూరీ బైకులూ ఈ తప్పు చేస్తాయి. ముందు బండి కనీసం వంద మీటర్ల దూరంలో ఉండాలి. వెనక బండి గుంపు ముక్కలైనప్పుడు వెనకబడ్డవాళ్ళను దాటి ముందుకు పోతే, వాళ్ళు ఆ బండి చాటున మళ్ళీ గుంపును అందుకుంటారు. అందుకే పెద్ద రేసుల్లో కమిసేరు చెయ్యి అడ్డం పెట్టి కార్లన్నిటినీ వెనకే నిలిపేస్తాడు. దాన్ని వాళ్ళు ఏమంటారో తెలుసా? బ్యారేజీ. మనకంటే ఆ మాట ఎవరికి బాగా అర్థమవుతుంది!

పట్టుకోవడం ఇంకో రకం. నీళ్ళ సీసా అందిస్తున్నట్టు పట్టుకుని బండితో పాటు పది మీటర్లు లాగించుకోవడం, ఎక్కుడులో ట్రాక్టర్ ట్రక్కు వెనక పలక మీద చెయ్యి వెయ్యడం. విన్సెంజో నిబాలీ అంతటివాణ్ణి 2015 స్పెయిన్ టూర్ రెండో స్టేజిలో, అంటే రెండో రోజు రేసులో, జట్టు కారు పట్టుకుని దూసుకెళ్ళినందుకు ఇంటికి పంపారు. హెలికాప్టర్ కెమెరాకు దొరికిపోయాడు. మనకు హెలికాప్టర్ లేదు కాబట్టి వెనక కూర్చున్న మనిషి ఫోను ఛాతీకి కట్టుకుని మొత్తం రికార్డు చెయ్యాలి.

తప్పు చూసిన వెంటనే మూడు విషయాలు ఫోనులో గట్టిగా చెప్పి రికార్డు చెయ్యండి: టైము, నంబరు, ఏం చేశాడు. "ఆరు ఇరవై మూడు, నంబరు ముప్పై నాలుగు, టిప్పర్ వెనక నడిచాడు." తర్వాత గుర్తు పెట్టుకుని రాద్దామంటే ముప్పై నాలుగు నలభై మూడవుతుంది.

6. యూటర్న్

అడ్డదారి తొక్కడం ఈ ఆటంత పాతది. 1904 టూర్లో రైలెక్కారన్న ఆరోపణల దాకా వెళ్ళి, చివరికి మొదటి నలుగురినీ కొట్టేసి, ఐదోవాడైన హెన్రీ కోర్నేను విజేతగా ప్రకటించారు. మన దగ్గర జరిగేది చిన్నది: మలుపు గుర్తుగా పెట్టిన డ్రమ్ము చుట్టూ తిరగకుండా ఇరవై మీటర్ల ముందే మలుపు కొట్టెయ్యడం.

ఇద్దరు మనుషుల్ని పెట్టండి. ఒకరు వచ్చే నంబర్లు గట్టిగా చదవాలి, ఇంకొకరు రాయాలి. రెండూ ఒకరే చేస్తే రాస్తున్నప్పుడు ముగ్గురు పోతారు. నంబరు అందలేదా, జెర్సీ రంగు చెప్పండి.

7. ఫినిష్

నాలుగేళ్ళ కిందట నేను చేసిన పొరపాటు చెప్తా. నీలం జెర్సీ కుర్రాడు, పసుపు జెర్సీ కుర్రాడు పక్కపక్కనే వచ్చారు. నేను గీతకు రెండడుగులు అవతల నిలబడి, ఫోను ఏటవాలుగా పట్టుకుని తీశాను. నా వైపున్న నీలం జెర్సీ గెలిచాడని మైకులో చెప్పేశాను, మెడలో మెడల్ కూడా పడింది. అరగంట తర్వాత సరిగ్గా గీతకు ఎదురుగా కూర్చున్న ఒకావిడ తన ఫోను తెచ్చి చూపించింది. పసుపు జెర్సీ జానెడు ముందు. ఆ నీలం కుర్రాడు ఒక్కమాట అనకుండా మెడల్ తీసి నా చేతిలో పెట్టాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఏటవాలుగా చూస్తే ఎవరు ముందో ఫోను చెప్పదు. సరిగ్గా పెట్టే పద్ధతి ఇది:

గీత: పెద్ద రేసుల్లో 72 సెంటీమీటర్ల తెల్ల పట్టీ మధ్యలో 4 సెంటీమీటర్ల నల్ల గీత ఉంటుంది. మీరు టేపుతో అదే వెయ్యండి. ముగ్గు పిండి వద్దు, రెండు టైర్లు పోతే చెదిరిపోతుంది. రేసు వచ్చే వైపున్న నల్ల గీత అంచును ముందు చక్రం టైరు తాకితే వచ్చినట్టు. పరుగు పందెంలోలా ఛాతీ లెక్క కాదు, తల కాదు, చాచిన చెయ్యి అసలే కాదు.

కర్రలు: ఆ అంచుకు సరిగ్గా రెండు పక్కలా పురికొస లాగి, దాని వరసలో రెండు వెదురు కర్రలు నిలబెట్టండి. ఫోనును స్టాండు మీద ఒక కర్ర వెనక పెట్టి చూడండి. దగ్గరి కర్ర వెనక దూరపు కర్ర పూర్తిగా దాగిపోవాలి. కాస్త కనబడినా స్టాండు జరపండి. కుదిరాక దగ్గరి కర్ర తీసెయ్యండి, స్టాండు చుట్టూ రాళ్ళు పెట్టి ఒక మనిషిని కాపలా ఉంచండి. జనం తోసేస్తారు.

ఫ్రేములు: గంటకు 54 కిలోమీటర్ల స్ప్రింటు అంటే సెకనుకు 15 మీటర్లు. సెకనుకు 30 ఫ్రేములు తీసే మామూలు వీడియోలో ఒక ఫ్రేముకూ ఇంకోదానికీ మధ్య చక్రం అర మీటరు పోతుంది. 240 ఫ్రేములైతే 6 సెంటీమీటర్ల పైచిలుకు. అంటే జానెడు తేడాను పట్టగలరు, వేలెడు తేడాను పట్టలేరు. అంతకంటే దగ్గరైతే ఇద్దరినీ సమానంగా ప్రకటిస్తామని ముందే రాయండి.

సూర్యుడు ఫోను వెనక ఉండాలి. ఫోకస్ లాక్ చెయ్యండి. స్లో మోషన్ మెమరీ తినేస్తుంది, ముందురాత్రే ఖాళీ చెయ్యండి.

రెండో ఫోను గీతకు యాభై మీటర్ల అవతల, వచ్చేవాళ్ళకు ఎదురుగా, రోడ్డు పక్కన స్టూలు మీద. ఎవరు ఎవరి దారిలోకి వచ్చారో చెప్పేది అదే. మూడో మనిషి వరసగా నంబర్లు చదువుతూ ఆడియో రికార్డు చెయ్యాలి.

ఎలా పనిచేస్తుందో చూసుకోవడం: రేసు రాకముందే ఇద్దరు వాలంటీర్లను పక్కపక్కన తొక్కించండి. ఒకసారి దగ్గరివాణ్ణి, ఒకసారి దూరపువాణ్ణి అరచక్రం ముందు రమ్మనండి. వీడియోలో రెండుసార్లూ సరిగ్గా తేలితే ఫోను సరిగ్గా ఉన్నట్టు.

వీడియో చూడకుండా మైకు పట్టుకోకండి. 2022 ఆమ్‌స్టెల్ గోల్డ్ రేసులో బెనువా కోస్నెఫ్రాయ్ గెలిచాడనుకున్నారు, అతనికీ అదే చెప్పారు. ఫోటో చూశాక గెలిచింది మిఖాల్ క్వియాట్కోవ్‌స్కీ. అక్కడే అలా ఉంటే మనమెంత? "మొదటి ఇద్దరి ఫలితం పది నిమిషాల్లో" అనండి. జనం ఆగుతారు, మజ్జిగ ఇవ్వండి.

8. స్ప్రింటులో అడ్డం రావడం

ఎదురు కెమెరాలో చూడాల్సింది ఒక్కటే: మొదటివాడి చక్రం తన దారి మార్చిందా, అందువల్ల వెనకవాడు బ్రేకు వెయ్యాల్సి వచ్చిందా. రెండూ ఉంటే గుంపులో చివరికి దించండి. 2020 లీజ్–బాస్తోన్–లీజ్ రేసు‌లో జూలియన్ అలఫిలిప్ గీతకు ముందే చేతులెత్తి సంబరం చేసుకుంటే ప్రిమోజ్ రోగ్లిచ్ దాటేశాడు. అది చాలదన్నట్టు, స్ప్రింటులో దారి మారినందుకు అలఫిలిప్‌ను రెండు నుంచి ఐదో స్థానానికి దించారు.

ఎవరైనా పడితే అక్కడికక్కడే తీర్పు చెప్పకండి. రక్తం చూస్తే ఎవరికైనా కోపం వస్తుంది. 2017 టూర్ నాలుగో స్టేజిలో మార్క్ కావెండిష్ పడితే పీటర్ సగాన్‌ను ఆ సాయంత్రమే రేసు నుంచి తప్పించారు. అయిదు నెలలకు అది అనుకోకుండా జరిగిందేనని యూసీఐ ప్రకటించింది. ఆ తర్వాతే పెద్ద రేసుల్లో వీడియో చూడటానికి ప్రత్యేకంగా కమిసేరును పెట్టారు. మీరూ రెండు కోణాలు చూశాకే, ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకుంటేనే తీర్పు చెప్పండి.

ఇక్కడ ఎప్పుడూ వచ్చే వాదన: "చివరి 3 కిలోమీటర్లలో పడితే గుంపుతో సమానమే కదండీ?" కాదు. ఆ నియమం రోజుల తరబడి సాగే స్టేజి రేసుల్లో మొత్తం సమయం లెక్కకు, అదీ కొండ మీద ముగిసే స్టేజీలకు కాదు. స్థానం మాత్రం గీత దాటిన వరసే. మీది ఒకరోజు రేసు కాబట్టి ఈ నియమంతో పనే లేదు.

9. ఫలితాల కాగితం, ఫిర్యాదు

మొదట "తాత్కాలికం" అని పెద్దక్షరాలతో రాసి, అంటించిన టైముతో సహా గోడకు పెట్టండి. అక్కడి నుంచి 30 నిమిషాలు ఫిర్యాదుకు. ఫిర్యాదు కాగితం మీదే, నంబరు, ఏం జరిగింది, ఎక్కడ అనే మూడు విషయాలతో, 500 రూపాయల డిపాజిట్‌తో. నిజమైతే డబ్బు వెనక్కి. ఈ 500 పెట్టాక ఫిర్యాదులు బాగా తగ్గాయి.

ఫిర్యాదుదారు ఒక్కణ్ణే లోపలికి పిలవండి, వాళ్ళ నాన్నగారిని కాదు. "మీరు బయట కూర్చోండి బాబాయ్, కాఫీ పంపిస్తా" అంటే చాలు. శిక్ష పడే కుర్రాడికి కూడా వీడియో చూపించి, అతని మాట విన్నాకే రాయండి.

కాగితం అంటించేముందు ఈ మూడూ సరిచూడండి: స్టార్టు జాబితాలో ఉన్నవాళ్ళు = ఫినిష్ చేసినవాళ్ళు + మానేసినవాళ్ళు + తప్పించినవాళ్ళు. ఫినిష్‌లో ఉన్న ప్రతి నంబరూ యూటర్న్ కాగితంలో ఉండాలి. ఆడియోలో చదివిన వరస, వీడియోలో వరస ఒకటే కావాలి. లెక్క ఒక్కరు తగ్గినా అంటించకండి. ముందు ఆ ఒక్కరు ఎక్కడున్నారో ఫోను చేసి కనుక్కోండి. ఒకసారి మాకు అలా తగ్గినతను పంక్చరై, రోడ్డు పక్కన చింతచెట్టు కింద నిద్రపోతున్నాడు.

మెడల్స్ తుది కాగితం మీద ముగ్గురూ సంతకాలు పెట్టాకే. వీడియోలు నెలరోజులు దాచండి, గ్రూపులో పెట్టకండి. అడిగినవాళ్ళకు వచ్చి చూసుకోమనండి.

కర్రలు, తూకం మళ్ళీ ఏడాదికి పనికొస్తాయి. టేపు మాత్రం ఆ పూటే పీకెయ్యండి. మధ్యాహ్నం ఎండకు తారులో అతుక్కుపోతే గరిటె పెట్టి గీకినా రాదు.